ఆలస్యంగా లేచిన ముల్లు

ఇలా దగ్గరికి జరగండి. ఆ గోడకి ఆనుకున్నవాళ్ళు కూడా రండి, ఇది దూరం నుంచి సగం సగం వినే ముచ్చట కాదు. చేతిలో పనుంటే కాసేపు పక్కన పెట్టండి. ఇందులో గంటలూ నిమిషాలూ ఉన్నాయి, ఒక్క నిమిషం చెవిలోంచి జారిపోతే మళ్ళీ మొదటికొచ్చి నన్ను పీక్కుతింటారు. ఊఁ కొడుతూ వినండి.

గంటలమ్మ పోలీసు స్టేషన్ మెట్లెక్కేసరికి మూడు కావడానికి పది నిమిషాలుంది. ఆవిడ అసలు పేరు పింఛను కాగితాల్లో తప్ప ఎక్కడా వినపడదు. ముప్ఫై ఏళ్ళు ఇన్సూరెన్స్ ఆఫీసులో కాలిన బళ్ళూ గుద్దుకున్న బళ్ళూ చూసి, ఏది ప్రమాదమో ఏది నాటకమో తేల్చిన మనిషి. రిటైరయ్యాక అదే పని సొంతానికి పెట్టుకుంది. ఎవరిని ఏమడిగినా "ఎన్నింటికి?" అనే మొదలుపెడుతుంది కనక జనం గంటలమ్మ అన్నారు, ఆవిడా పలికింది. వాచీ మణికట్టు లోపలివైపుకి పెట్టుకుంటుంది. మాట్లాడుతూనే టైము చూస్తుంది, ఎదుటివాడికి తెలియదు.

ఆవిడ వెనకాలే బళ్ళు బాగుచేసే మేస్త్రి భార్య, చెంగు నోటికడ్డం పెట్టుకుని.

"సంతకం పెట్టేస్తానంటున్నాడమ్మగారూ. తప్పు చేశానని కాదు, చేశానో లేదో తెలియడం లేదంటాడు. తెలియని దానికి జైలుకి పోతారా ఎవరైనా?"

"నువ్వు ఆ బెంచీ మీద కూర్చో. ఏడిస్తే ఏడువు గానీ, ఎవరేం అడిగినా నేనొచ్చేదాకా జవాబు చెప్పకు," అంది గంటలమ్మ.

సంగతేమిటంటే, ఆ ఊళ్ళో బొమ్మలు గీయడం నేర్పే మాస్టారొకాయన ఉండేవాడు. ఆయనకి యాభై ఏళ్ళనాటి కారొకటి ఉండేది, గుండ్రటి దీపాలతో, ముసలి పిల్లిలా గుర్రుగుర్రుమనేది. కన్నబిడ్డకన్నా ఎక్కువ చూసుకునేవాడు. దానికి ఇంజన్ నూనె ఒత్తిడి చూపించడానికి ఒక ఎర్ర దీపం తప్ప వేరే ఏమీ లేదు. ఆ దీపం వెలిగేసరికి ఇంజన్ ప్రాణం సగం పోయే ఉంటుంది. అందుకని మాస్టారు ముల్లుతో ఒత్తిడి చూపించే గేజి ఒకటి కొనుక్కొచ్చి మేస్త్రి చేత పెట్టించాడు. పెట్టించిన మూడో రోజు పొద్దున్న, ఏడూ నలభైకి, కొండ రోడ్డు మూడో మలుపులో బానెట్ కిందనుంచి మంటలు లేచాయి. వెనక వస్తున్న లారీవాళ్ళు మాస్టారిని బయటికి లాగారు గానీ, అప్పటికే రెండు చేతులూ కాలాయి, తల గట్టుకి కొట్టుకుంది. నిన్నటి నుంచీ ఆస్పత్రిలో కళ్ళు తెరవలేదు. కొత్తగా చేసింది గేజి పనొక్కటే, చేసింది మేస్త్రి ఒక్కడే. ఇంకేం, మేస్త్రిని పట్టుకొచ్చి కూర్చోబెట్టారు.

పట్టుకొచ్చింది ఎవరనుకున్నారు? గంటలమ్మ సొంత మేనల్లుడే. స్టేషన్‌కి ఇన్‌స్పెక్టరు.

"రా అత్తా," అన్నాడు కుర్చీలోంచి సగం లేచి. "భోజనం చేశావా? చేశానంటే మంచిది, ఇంటికెళ్ళి పడుకో. ఇక్కడ నీకు పనేం లేదు."

"నా పని నువ్వెప్పట్నుంచి పంచుతున్నావురా? మేస్త్రితో మాట్లాడాలి."

"వాడే ఒప్పుకున్నాడు. నట్టు బిగించానో లేదో గుర్తులేదన్నాడు. నట్టు వదులైంది, గొట్టం ఊడింది, నూనె చిమ్మి కాలే సైలెన్సర్ గొట్టం మీద పడింది, భగ్గుమంది. ఇందులో డిటెక్టివు పని ఎక్కడుంది?"

"ఎన్నింటికి ఒప్పుకున్నాడు?"

"ఏమో. పదకొండుకి."

"ఎన్నింటికి తీసుకొచ్చావు?"

"నిన్న పన్నెండుకి." అల్లుడి గొంతు కొంచెం తగ్గింది.

"ఇరవై మూడు గంటలు కూర్చోబెడితే నేనైనా ఒప్పుకుంటాను, ఆ నట్టు నేనే విప్పానని."

పక్కనున్న హెడ్డు కానిస్టేబులు నవ్వు ఆపుకోలేక దగ్గాడు. ఇన్‌స్పెక్టరు అతన్ని ఒక చూపు చూసి, అత్త వైపు తిరిగి పది వేళ్ళూ చూపించాడు. "పది నిమిషాలు. సంతకం అయ్యాక వాణ్ణి కొండ అవతల మేజిస్ట్రేటు గారి దగ్గరికి పంపాలి."

మేస్త్రి లోపలి గదిలో స్టూలు మీద కూర్చున్నాడు. యాభై దాటిన మనిషి, గోళ్ళ సందుల్లో ఎన్నేళ్ళు కడిగినా పోని నలుపు. చేతులకి బేడీలు. గంటలమ్మ ఆయన కళ్ళ వంక చూసింది. దొంగ కళ్ళు ఆవిడ చాలా చూసింది, అవి అటూ ఇటూ పారిపోతుంటాయి. ఈ కళ్ళు ఒకేచోట, తన అరచేతుల మీద ఆగిపోయి ఉన్నాయి.

"పని మొదలుపెట్టింది ఎన్నింటికి, అన్నా?"

"పదింటికమ్మా. ఒంటిగంటకి అయిపోయింది."

"ఏం చేశావో మొదట్నుంచి చెప్పు. నాకు తెలియదనుకుని చెప్పు."

పని గురించి చెప్తుంటే ఆ బేడీల చేతులు వాటంతటవే కదలడం మొదలుపెట్టాయి. "ఇంజన్ పక్కన ఎర్ర దీపం స్విచ్చి ఉంటుంది కదమ్మా, దాన్ని విప్పి అక్కడ ఇత్తడి టీ ముక్క, ఇంగ్లీషు టీ అక్షరంలా మూడు కొమ్ములది, బిగించా. ఒక కొమ్ముకి ఆ స్విచ్చే మళ్ళీ పెట్టా, దీపమూ ఉండాలి కదా. మరలకి ఎర్ర జిగురు రాశా. రెండో కొమ్ము నుంచి సన్న రాగి గొట్టం. దాన్ని మధ్యలో టార్చిలైటు మీద చుట్టి మూడు చుట్లు తీశా. ఇంజనేమో ఊగుతుంది, బాడీ ఊగదు, చుట్లు లేకపోతే రాగి అలిసిపోయి విరుగుతుంది. తర్వాత రేకు రాసుకోకుండా రబ్బరు బుష్ పెట్టి, బండి లోపలికి తీసుకెళ్ళి గేజికి కలిపా."

గాలిలో మూడు చుట్లు చుట్టిన చేతులు అక్కడే ఆగాయి.

"ఇంజన్ వైపు నట్టు... చేత్తో తిప్పా. అది గుర్తుంది. స్పానరేసి బిగించానా? రాత్రంతా అదే ఆలోచిస్తున్నానమ్మా. వెయ్యి నట్లు బిగించుంటాను. ఈ ఒక్కటీ కళ్ళ ముందుకి రావట్లేదు."

"రోజూ వేసే తాళం వేశామో లేదో నాకూ గుర్తుండదు. అంతమాత్రాన తలుపు తెరిచి వచ్చినట్టా?"

"తలుపు తెరిచొస్తే దొంగ పడతాడు. ఇక్కడ మనిషి కాలాడు." ఆయన బేడీల చేతులు ఒళ్ళో పెట్టుకున్నాడు. "నిన్న పొద్దున్న నాకు ఫోన్ చేశాడమ్మా మాస్టారు. ఆరూ యాభై రెండుకి. నేను లారీ కింద ఉన్నా, ఫోను చొక్కాలో ఉంది, చొక్కా మేకుకుంది. ఎనిమిదింటికి చూసుకున్నా. అదెత్తుంటే..."

గంటలమ్మ ఓదార్చలేదు. ఓదార్పుకి టైము లేదు. వాచీ చూసుకుని ఇంకొక్క ప్రశ్న వేసింది.

"గేజి ముల్లు ఆలస్యంగా లేస్తే దానర్థం ఏమిటి?"

"గొట్టంలో గాలుందని. నూనె నిండుగా ఉంటే తాళం తిప్పగానే టక్కున లేస్తుంది. గొట్టం కొత్తగా వేసినప్పుడో, విప్పి బిగించినప్పుడో మొదటిసారి బద్ధకిస్తుంది. నేను గాలి తీసి, నూనె నింపే ఇచ్చా. ఎందుకమ్మా?"

"ఊరికే," అంది గంటలమ్మ. కానీ ఊరికే కాదు. ఆ మాట ఎక్కడిదో చెప్తాను వినండి. స్టేషన్‌కి వచ్చే ముందు ఆవిడ ఆస్పత్రికి వెళ్ళింది. అక్కడ నర్సు చెప్పింది, మాస్టారిని తీసుకొచ్చినప్పుడు ముల్లు లేవలేదు, ముల్లు లేవలేదని రెండుసార్లు గొణిగి మాట పడిపోయిందట. అందరూ గడియారం ముల్లనుకున్నారు. 

ఆవిడ బయటికొచ్చి అల్లుడి బల్ల ముందు నిలబడింది. "మాస్టారి జేబులో ఏం దొరికాయి?"

"కళ్ళజోడు, రుమాలు, చిన్న పుస్తకం. పుస్తకంలో ఏవో పెట్రోలు అంకెలు."

"ఇటివ్వు."

అవి పెట్రోలు అంకెలు కావు. బొమ్మల మాస్టారు కదా, గీత గీసినట్టు రాశాడు. గేజి పెట్టించినప్పటి నుంచీ బండి తీసిన ప్రతిసారీ, టైము వేసి, ముల్లు ఎంత చూపించిందో. మొదటి రోజు ఒంటిగంటా ఇరవై: చల్లగా అరవై, వేడెక్కాక ఇరవై ఎనిమిది, ముల్లు వెంటనే లేచింది. రెండో రోజు పొద్దున్న ఏడు: ముల్లు వెంటనే లేచింది. అదే రోజు సాయంత్రం ఐదూ నలభై: వెంటనే లేచింది, ఇంజన్ కింద అట్ట పరిచి చూశాను, ఒక్క చుక్క కారలేదు. ఆఖరుది నిన్నటి పొద్దున్న ఆరూ నలభై ఎనిమిది. అక్కడ దస్తూరి కాస్త గట్టిగా నొక్కి ఉంది: ముల్లు ఆలస్యంగా లేచింది. ఐదు లెక్కపెట్టేదాకా సున్నా మీదే. తర్వాత అరవై. మేస్త్రిని అడగాలి.

"చూశావా అల్లుడూ. నట్టు వదులైతే రెండు రోజుల్లో ఒక్క చుక్కైనా కారాలా వద్దా? మొన్న సాయంత్రం ఐదూ నలభైకి గొట్టం నిండా నూనె ఉంది. నిన్న పొద్దున్నకి గాలి ఉంది. మధ్యలో ఎవరో విప్పారు."

"ముసలాయన ఐదు లెక్కపెట్టాడని నేను కేసు తిరగరాయాలా?" ఇన్‌స్పెక్టరు పుస్తకం మూసి బల్ల మీద పడేశాడు. "అత్తా, నువ్వు ఇన్సూరెన్స్‌లో ఉన్నప్పుడు ప్రతి మంటలోనూ దొంగని వెతికేదానివి. కొన్ని మంటలు ఊరికే పుడతాయి."

"ఊరికే పుట్టే మంట నేనింతవరకూ చూడలేదు. బండెక్కడ?"

"పెరట్లో. చూసుకో. మసి తప్ప ఏం లేదు."

పెరట్లో రేకుల కింద ఉంది బండి. ముందు సగం నల్లగా మాడిపోయి, వెనక సగం నిన్న తుడిచినట్టు మెరుస్తూ. ఒక మనిషి ఇంత శ్రద్ధగా తుడుచుకున్న బండి ఆ మనిషినే కాల్చింది. గంటలమ్మ కొంగు నడుముకి దోపి, సంచీలోంచి చిన్న అద్దం, టార్చి తీసింది. 

ముందు ఇంజన్ పక్క. ఇత్తడి టీ ముక్క ఉన్నచోటే ఉంది. స్విచ్చి కొమ్ము మరల దగ్గర మాడిన ఎర్ర జిగురు గీత, సన్నగా, ఒద్దికగా. రెండో కొమ్ముకి నట్టు ఉంది. చేత్తో తిప్పి చూసింది. కదల్లేదు. స్పానర్‌తో బలంగా బిగించిన నట్టు! ఆ నట్టు మొదట్లో, మరల సందులో, మసి పట్టిన తెల్లటి పీలికలు. గోటితో గీకి చూసింది. నీళ్ళ పైపుల వాళ్ళు మరలకి చుట్టే తెల్ల టేపు.

తర్వాత వంగి, బూడిదంతా వేళ్ళతో జల్లెడ పట్టినట్టు వెతికింది. రబ్బరు కరిగి ముద్దైంది. అల్యూమినియం చుక్కలు చుక్కలుగా కారింది. వైర్లలో రాగి తీగలు మాత్రం తొక్క ఊడి నిక్షేపంలా ఉన్నాయి. మరి మూడు చుట్లు తిప్పిన మూరెడు రాగి గొట్టం ఏదీ?

అప్పుడే ముందువైపు నుంచి ముసలి ఇంజన్ ఒకటి దగ్గి దగ్గి అందుకున్న చప్పుడూ, మేస్త్రి భార్య ఏడుపూ కలిసి వినపడ్డాయి. గంటలమ్మ వాచీ చూసింది. నాలుగూ పది.

ఇన్‌స్పెక్టరు చేతులు దులుపుకుంటూ పెరట్లోకి వచ్చాడు. "సంతకం అయింది. హెడ్డునిచ్చి స్టేషన్ జీపులో పంపించేశాను. ఇంక నువ్వెంతసేపు మసి పూసుకున్నా ఫరవాలేదు."

"నేను చూస్తున్నానని తెలిసే తొందరపడ్డావు."

"చూడకముందే పంపితే బాగుండేది."

"సరే. నాకు రాగి గొట్టం చూపించు."

"కాలిపోయుంటుంది."

"రాగి కరగాలంటే కొలిమి కావాలిరా. దాని పక్కన వైర్లలో వెంట్రుకంత రాగి తీగ చెక్కుచెదరలేదు, గొట్టం మాయమైందా?"

అతను వైర్ల వంక వంగి చూశాడు. "బండి రోడ్డు పక్కన రెండు గంటలుంది. రాగి కదా, ఎవడో పీక్కుపోయాడు."

గంటలమ్మ కారు లోపలికి దూరి, డాష్‌బోర్డ్ కింద వెల్లకిలా పడుకుంది. ఆ వయసులో! అద్దం గేజి వెనక పెట్టి టార్చి కొట్టింది. మంట అక్కడిదాకా రాలేదు. గేజి వెనక నట్టులోంచి జానెడు గొట్టం వేలాడుతోంది, కింది కొస కరిగి బొట్టులా ముడుచుకుపోయి. తెల్లటి ప్లాస్టిక్ గొట్టం.

"ఇలా వంగి చూడు. రాగి దొంగ చాలా మంచివాడల్లే ఉన్నాడు. కాలిన బండిలోంచి రాగి పీక్కుని, దాని బదులు ప్లాస్టిక్ గొట్టం కష్టపడి బిగించి, దాన్ని సగం కాల్చి మరీ వెళ్ళాడు."

ఇన్‌స్పెక్టరు వంగాడు. చాలాసేపు చూశాడు. పైకి లేచేసరికి ముఖం ఎర్రబడింది. "అయితే మేస్త్రే అబద్ధమాడాడు. ప్లాస్టిక్ వేసి రాగి అంటున్నాడు."

"మేస్త్రి జిగురు రాస్తాడు. ఇదిగో ఈ కొమ్ముకి చూడు, జిగురు. ఆ పక్కనే నట్టుకి తెల్ల టేపు. ఒక పనిలో రెండు చేతులున్నాయి. ఒకటి ఇంజన్ల చెయ్యి. ఇంకోటి నీళ్ళ చెయ్యి." ఆవిడ గొంతు పొడిబారి దగ్గొచ్చింది. "ఉండు. మసంతా నోట్లోనే ఉంది, కాసిని నీళ్ళు తాగొస్తాను."

వరండాలో గోడకి నీళ్ళు వడగట్టే ఫిల్టరుంది, కొత్తది. గంటలమ్మ గ్లాసు పట్టి కుళాయి తిప్పింది. గ్లాసు నిండింది, పొర్లింది, చేతి మీదుగా కారుతోంది. ఆవిడ మాత్రం కుళాయి కట్టలేదు. ఫిల్టరు పక్కనుంచి గోడ వెంబడి పాకుతున్న తెల్లటి సన్న గొట్టాన్ని చూస్తోంది. గేజి దగ్గర విప్పి జేబురుమాల్లో చుట్టుకొచ్చిన జానెడు ముక్క తీసి పక్కన పెట్టింది. అదే లావు. అదే తెలుపు. గొట్టం మొదట్లో నట్టు చుట్టూ అదే టేపు.

"ఇది ఎవరు పెట్టారు?"

వెనకే వచ్చిన ఇన్‌స్పెక్టరు ముక్క వంకా గోడ వంకా మార్చి చూశాడు. "పంపులాయన. మాస్టారి బావమరిది. బావ కేసు సంగతి కనుక్కుందామని పొద్దున్నుంచీ ఇక్కడే కూర్చున్నాడు."

వరండా చివర స్తంభానికి జారగిలబడి కూర్చున్నాడు పంపులాయన. బావుల మోటార్లు బాగుచేసి, ఇంటింటికీ ఫిల్టర్లు పెట్టే మనిషి. పొద్దున్నుంచీ అతన్ని అందరూ చూశారు, పాపం బావ మీద ఎంత ప్రేమో అనుకున్నారు. గంటలమ్మ వెళ్ళి పక్కనే నేల మీద కూర్చుంది. ప్లాస్టిక్ ముక్క ఇద్దరి మధ్యా పెట్టింది.

"మొన్న సాయంత్రం. మీ బావ నడకకి వెళ్ళింది ఎన్నింటికి?"

పంపులాయన ముక్క వంక చూశాడు.

"రోజూ ఆరింటికి వెళ్తాడు, ఏడింటికి వస్తాడు, ఊరందరికీ తెలుసు. ఆ గంటలో నువ్వు బండి పెట్టే షెడ్డులో ఉన్నావు. నేను చెప్పనా, నువ్వు చెప్తావా?"

"చంపాలని కాదమ్మా!" ఒక్కసారిగా రెండు చేతులతో ముఖం కప్పుకున్నాడు. "మా అక్కమీద ఒట్టు. అక్కే ఏడ్చింది. గుండె డాక్టరు బండి నడపొద్దన్నాడు, ఈయనేమో కొండ దాటి పాత బళ్ళ ప్రదర్శనకి పోతానంటాడు. తమ్ముడూ, బండి ఇంట్లోంచి కదలకుండా ఏదో ఒకటి చెయ్యిరా అంది. బ్యాటరీ తీగ పీకేద్దామని బానెట్ ఎత్తా. నా దగ్గరున్నది పైపుల రెంచి, ఇంత లావుది. జారింది. ఆ రాగి గొట్టం మీద పడి నొక్కుకుపోయి, తెగింది."

"తెగితే చెప్పొచ్చుగా?" ఇన్‌స్పెక్టరు అరిచాడు.

"ఎట్లా చెప్తాను బాబూ? ఏం చేస్తున్నావురా ఇక్కడంటే అక్క పేరు చెప్పాలి. నా సంచీలో ఫిల్టరు గొట్టం ఉంది, సరిగ్గా అదే లావు. తెగిన రాగి అంతా పీకి సంచీలో పడేసి, ఇది టేపు చుట్టి బిగించా. నీళ్ళ ఒత్తిడికి ఆగేది నూనెకి ఆగదా అనుకున్నా. భయంలో బ్యాటరీ తీగ సంగతే మర్చిపోయా. పొద్దున్న లేచేసరికి బండి వెళ్ళిపోయింది."

"చల్లటి నీళ్ళకి ఆగుతుంది నాయనా," అంది గంటలమ్మ. తిట్టాలని నోటిదాకా వచ్చింది గానీ ఆ ముఖం చూశాక తిట్టలేకపోయింది. "కాగిన నూనెకి మెత్తబడి ఉబ్బుతుంది. కొండెక్కేటప్పుడు ఇంజన్ కొలిమిలా ఉంటుంది. పొద్దున్నుంచీ ఇక్కడ కూర్చుని, మేస్త్రి సంతకం పెడుతుంటే చూస్తూ ఎలా ఉన్నావు?"

"చెబుదామనే వచ్చా. ప్రతిసారీ లేచి, మళ్ళీ కూర్చున్నా." అతను ఆ ప్లాస్టిక్ ముక్కని వేలితో దూరంగా నెట్టాడు. "అయినా నాకు అర్థం కావట్లేదమ్మా. అదే గొట్టం జీపుకి వేస్తే వారం నుంచీ బాగానే ఉందే?"

"ఏ జీపుకి?"

"స్టేషన్ జీపుకి. ఫిల్టరు పెట్టడానికొచ్చిన రోజు హెడ్డుగారు గేజి గొట్టం కారుతోందంటే, మేస్త్రి వేసిన పాత రాగి తీసేసి..."

మాట పూర్తి కాలేదు. గంటలమ్మ అల్లుడి ముఖం చూసింది, అల్లుడు అత్త ముఖం చూశాడు. వారమంతా ఆ జీపు ఊళ్ళో బజారుకీ స్టేషన్‌కీ మధ్య తిరిగింది. ఇంజన్ ఒళ్ళు వెచ్చబడేలోపే ఆగిపోయేది. ఈ రోజు కొండెక్కుతోంది. బేడీల చేతులతో మేస్త్రి అందులో ఉన్నాడు.

"ఎన్నింటికి బయల్దేరారు?" అనడిగింది గంటలమ్మ. తనకి తెలిసిందే, అయినా అడిగింది.

"నాలుగూ పదికి." ఇప్పుడు నాలుగూ యాభై. "మూడో మలుపు ఈపాటికి..." ఇన్‌స్పెక్టరు ఫోను తీశాడు. తొందరలో ఒకసారి తప్పు నంబరు పడింది. రెండోసారి మోగింది. మోగుతూనే ఉంది. మేస్త్రి భార్య బెంచీ మీంచి లేచి వచ్చి నిలబడింది. ఆవిడకెవరూ ఏమీ చెప్పలేదు, కానీ ఆవిడ ఏడుపు ఆగిపోయింది.

ఫోను ఎత్తారు.

"సార్, నేను కావాలని ఆపలేదు సార్!" హెడ్డు గొంతు, గాలిలో అరుస్తున్నట్టు. "ఈ మేస్త్రి వినట్లేదు. రెండో మలుపు దాటగానే ప్లాస్టిక్ కాలే వాసనొస్తోంది, ఆపండి ఆపండని ఒకటే గోల. ఊరుకోమంటే తాళంచెవి మీద పడి తిప్పేశాడు. ఇప్పుడు బానెట్ ఎత్తి చూస్తున్నాడు."

"ఇంజన్ ఆగిందా? మంటలున్నాయా?"

"మంటల్లేవు సార్. పొగ ఉంది. గొట్టమేదో ఉబ్బి బుడగలా అయింది, నూనె కారుతోంది. ఇంకో మలుపు తిరిగుంటే... సార్, వీడు ఏడుస్తున్నాడు సార్."

గంటలమ్మ అల్లుడి చేతిలోంచి ఫోను లాక్కుంది. "అతనికివ్వు."

ఫోను చేతులు మారింది. తర్వాత మేస్త్రి.

"అమ్మా. ఈ జీపుకి గేజి నేనే పెట్టా, నాలుగేళ్ళయింది. రాగి వేశా. మూడు చుట్లు తిప్పా. ఇప్పుడిక్కడ తెల్ల గొట్టం ఉందమ్మా. ఇది నేను వేసింది కాదు."

"కాదు నాయనా."

"మరి మాస్టారి బండిలో... అందులోనూ?"

"అందులోనూ. నీ నట్టు నేను చేత్తో పట్టి చూశాను. నీ తర్వాత దాని మీద రెండోవాడి చెయ్యి పడింది, ఆఖరి బిగింపు నీది కాదు. నువ్వు బాగానే బిగించి ఇచ్చుంటావు, లేకపోతే రెండు రోజుల్లో కారేది."

గంటలమ్మ ఫోను తీసుకెళ్ళి మేస్త్రి భార్య చెవికి ఆనించింది. ఆ ఇద్దరూ ఏం మాట్లాడుకున్నారో ఎవరూ వినలేదు, వినాల్సిన పనీ లేదు. ఇన్‌స్పెక్టరు లోపలికి వెళ్ళి, సంతకం పెట్టించిన కాగితం తెచ్చి, అత్త ముందు నిలువునా చింపాడు. "పై అధికారికి ఏం చెప్పుకోవాలో నువ్వే చెప్పు," అన్నాడు నేల చూపులు చూస్తూ.

"జరిగింది చెప్పు. ముందు బేడీలు తీయించు."

ఇక్కడితో మనసు కుదుటపడాలి కదా. గంటలమ్మకి పడలేదు. పంపులాయన స్తంభం దగ్గర ఇంకా అలాగే కూర్చుని, వేళ్ళ మీద ఏదో లెక్కపెడుతున్నాడు. ఒక చెయ్యి అయిపోయి రెండో చేతికొచ్చాడు.

"ఏమిటా లెక్క?"

అతను తలెత్తాడు. ముఖం సున్నం కొట్టినట్టుంది. "జీపు బాగుపడిందని విని ఇంకొందరు అడిగారమ్మా. రాగికన్నా సులువుగా ఉందన్నారు. నేను బిగించలేదు. చుట్ట విప్పి ముక్కలు కోసి ఇచ్చా, వాళ్ళే వేసుకున్నారు. పాత వ్యానుల వాళ్ళు, పాత కార్ల వాళ్ళు. ఏడుగురు గుర్తొస్తున్నారు. ఇంకా ఉన్నారు."

"పేర్లు?"

"ఇద్దరివి తెలుసు. మిగతావాళ్ళు దారిన పోతూ ఆగినవాళ్ళు."

ఆ ఇద్దరినీ ఇన్‌స్పెక్టరు ఆ సాయంత్రమే పట్టుకున్నాడు, గొట్టాలు పీకించాడు. మిగతావాళ్ళు ఏ ఊరివాళ్ళో, ఏ కొండెక్కుతున్నారో గంటలమ్మకి తెలియదు. వాళ్ళ బళ్ళు ఇవాళ బాగానే నడుస్తుంటాయి. రోడ్డు చదునుగా ఉన్నన్నాళ్ళూ నడుస్తాయి.

అందుకే మీరు దీన్ని విని వదిలెయ్యకండి. మనసులో పెట్టుకోండి. పాత బండి ఉన్న మనిషి ఎవరు తారసపడ్డా, బాబాయి కానివ్వండి, దారిన పోయేవాడు కానివ్వండి, ఆపి ఈ ముచ్చట చెప్పండి. మాస్టారి పుస్తకం సంగతీ, మేస్త్రి వేసిన మూడు చుట్ల సంగతీ ఏదీ వదలకుండా చెప్పండి. చెప్పాక ఒకసారి బానెట్ ఎత్తి చూసుకోమనండి. గేజికి వెళ్ళే గొట్టం తెల్లగా కనపడితే తాళం తిప్పొద్దనండి.